ఓడ పొగ ఎవరి పద్దు?

మా తిరుమలాయపాలెం నుంచి ఎటు బయల్దేరినా సముద్రం నూరు కిలోమీటర్లకు పైమాటే. అయినా ఇటు పండే తేజ మిర్చి ఖమ్మం యార్డు దాటాక చైనాకు ఓడెక్కుతుంది. ఖమ్మం క్వారీల్లో కోసిన గ్రానైట్ దారీ సముద్రం వైపే. ధర ఎంత పలికింది, కమీషన్ ఎంత పోయింది, హమాలీ ఎంతయింది, అన్నీ మన రైతుకు కంఠతా వచ్చు. ఆ సరుకు మోసిన ఓడ ఎంత బొగ్గుపులుసు వాయువు వదిలిందో, అది ఎవరి పద్దులో పడిందో మాత్రం ఏ చీటీలోనూ ఉండదు. మన తీరం కథను ఆ చీటీ వెతుక్కుంటూ చదవాలనిపించింది.

మొదలు ఓరుగల్లు నుంచే. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. తుపానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును లాక్కోబోమని, సుంకం మాత్రమే తీసుకుంటామని పరదేశపు వర్తకులకు మాట ఇచ్చాడు. అప్పటి ఓడకు గాలే ఇంధనం. దానికి ఖర్చు లేదు, నమ్మకమూ లేదు. 1611లో ఇంగ్లీషువాళ్లు మచిలీపట్నంలో వర్తకస్థావరం పెట్టుకున్నాక కూడా ఓడ ఎప్పుడు రావాలో, ఎప్పుడు పోవాలో రుతుపవనమే చెప్పేది. ఓడలు కట్టడంలో పేరు మోసిన కోరంగిని 1839 తుపాను తుడిచిపెట్టింది. పొగలేని కాలమని మురిసిపోదామంటే ఆ శవాల లెక్క అడ్డొస్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి కాలువల్లో సరుకు పడవలు తిరిగాయి. గాలి లేని రోజున గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని లాగేవారు. ఆ పడవకు ఇంధనం కూలివాడు తిన్న అన్నం.

పొగ స్టీమర్లతో వచ్చింది. 1862 నుంచి బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ అన్న పేరుతో నడిచిన కంపెనీ ఓడలు కాకినాడ, విశాఖల నుంచి వేలాది తెలుగు కూలీలను రంగూన్ చేర్చాయి. అక్కడ మనవాళ్లకు కోరంగీలన్న పేరే స్థిరపడింది. కలకత్తాలో బొగ్గు నింపుకోవడం, అడుగున బట్టీలో పారలతో ఎగదోయడం, పైన నల్లటి పొగ. ఊళ్లో వాళ్లకు ఆ పొగ కనబడితే ఓడొచ్చిందన్న కబురు. మాకు పొరుగునే ఇల్లందు దగ్గర 1871లో విలియం కింగ్ బొగ్గు జాడ పట్టాడు, 1889లో తవ్వకం మొదలైంది. ఆ బొగ్గు ఎక్కువగా రైళ్లకే పోయింది. బొగ్గు కాలితే వచ్చే బొగ్గుపులుసు వాయువు గాలిలో పెరిగితే భూమి వేడెక్కుతుందని స్వీడన్ శాస్త్రవేత్త అర్హీనియస్ 1896లోనే లెక్కకట్టాడు. రంగూన్ స్టీమరు ఎక్కేవాడికి ఆ కబురు ఎవరు చెబుతారు?

1933లో విశాఖ రేవు తెరుచుకుంది. లోపలికి వచ్చిన మొదటి ఓడ సింధియా కంపెనీ వారి జలదుర్గ. అదే కంపెనీ విశాఖలో కట్టిన ఆవిరి ఓడ జలఉషను 1948 మార్చిలో నెహ్రూ నీళ్లలోకి దించారు. కానీ అప్పటికే ఆవిరికి కాలం చెల్లుతోంది. 1912లోనే డెన్మార్క్ ఓడ సెలాండియా డీజిల్ ఇంజిన్‌తో మహాసముద్రాలు దాటింది. తర్వాత అందరూ రిఫైనరీ అడుగున మిగిలే చిక్కటి నూనెకు మళ్లారు. బొగ్గుతో పోలిస్తే ఒక టన్ను సరుకును ఒక మైలు మోయడానికి అయ్యే కర్బనం తగ్గింది. కానీ ఓడలు పెరిగాయి, బరువులూ పెరిగాయి. 1960ల్లో బైలదిలా ఇనుప ఖనిజం కొండలు దిగి విశాఖ మీదుగా జపాన్ బాట పట్టింది. 2008లో కృష్ణపట్నం, 2009లో గంగవరం రేవులు వచ్చాయి.

ఇక అసలు చిక్కు. ఓడల్లో వాడే ఆ నూనె ఒక టన్ను కాలిస్తే 3.114 టన్నుల బొగ్గుపులుసు వాయువు వస్తుంది. లెక్క ఇంత ఖచ్చితం. పద్దు మాత్రం గాల్లో దీపం. ఒడిశాలోని పారాదీప్ నుంచి కృష్ణపట్నం విద్యుత్ కేంద్రానికి బొగ్గు తెచ్చే ఓడ పొగ మన దేశం ఖాతాలో చేరుతుంది. ఆస్ట్రేలియా నుంచి విశాఖ ఉక్కుకు బొగ్గు తెచ్చే ఓడ పొగ అటు ఆస్ట్రేలియా ఖాతాలోనూ చేరదు, ఇటు మన ఖాతాలోనూ చేరదు. విదేశీ ప్రయాణాలకు కొన్న ఇంధనాన్ని దేశం మొత్తంలో కలపకుండా విడిగా రాసి పక్కన పెడతారు. 1997లో క్యోటోలో ఆ పొగ తగ్గించే భారాన్ని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ నెత్తిన పెట్టారు. ‘ఆంధ్ర తీరపు ఓడల పొగ ఇంత’ అని ఒక అంకె వేయబోతే ముందు తేల్చాల్సింది ఇదే: మన రేవులో లంగరు వేసిన ఓడనా, మన దగ్గర నూనె కొన్న ఓడనా, మన సరుకు మోసిన ఓడనా? మూడింటికీ మూడు అంకెలు. నన్నడిగితే మూడోదే న్యాయం, అప్పుడు తీరం లేని తెలంగాణకూ ఒక పద్దు పడుతుంది.

ఆ సముద్రయాన సంస్థ తీరిగ్గానే కదిలింది. కొత్త ఓడల ఇంధన పొదుపుకు నిబంధనలు 2013లో అమల్లోకొచ్చాయి. 2018లో ప్రపంచపు ఓడలన్నీ కలిసి 105.6 కోట్ల టన్నుల బొగ్గుపులుసు వాయువు వదిలాయని దాని అధ్యయనమే తేల్చింది. మనిషి చేతలవల్ల గాలిలో కలిసే మొత్తంలో అది సుమారు మూడు శాతం. 2050 నాటికి, లేదా ఆ చుట్టుపక్కల, నికరంగా సున్నాకు తేవాలని 2023లో ఒప్పుకున్నారు.

నిజానికి చవకైన మందు సరంగుకు ఎప్పట్నుంచో తెలుసు: నెమ్మదిగా పోవడం. ఇంజిన్ మీద పడే భారం దాదాపు వేగపు ఘనంతో పెరుగుతుంది. వేగం పదో వంతు తగ్గిస్తే అదే దూరానికి ఇంధనం ఐదో వంతు దాకా మిగులుతుంది. 2008 మాంద్యంలో కంపెనీలు ఈ పని చేసింది భూమి మీద ప్రేమతో కాదు, నూనె బిల్లు చూసి.

కొత్త ఇంధనం మాటా మన తీరానికి వచ్చింది. విశాఖ దగ్గర పూడిమడకలో హరిత హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరిలో ప్రధాని శంకుస్థాపన చేశారు. ఆ హైడ్రోజన్‌తో తయారయ్యే అమ్మోనియాతో నడిచే ఓడలకు అలాంటి చోట్ల నుంచే ఇంధనం అందాలి. కానీ నూనె కంటే ఖరీదైన దాన్ని ఎవరు కొంటారు? ఆ తేడా పూడ్చడానికే పొగకు ధర కట్టే పథకం ఒకటి సముద్రయాన సంస్థ ముందుకు వచ్చింది. 2025 అక్టోబరులో లండన్‌లో దాన్ని ఆమోదించాల్సిన సమావేశం ఓటు వేసి ఏడాది వాయిదా వేసుకుంది. ఖమ్మం యార్డు తక్‌పట్టీ చీటీలో ఇప్పటికీ కమీషన్, హమాలీ, తూకం కూలీ వరకే గళ్లు ఉన్నాయి.