గండికోట ధాన్యం కొట్టు దగ్గర



సంక్రాంతి సెలవుల్లో సంఘంలోని యవ్వనస్థులతో, నలుగురైదుగురు పెద్దవాళ్లతో కలిసి మేము గండికోట, బెలుం గుహలు చూసి వచ్చాం. ఇంత దగ్గరగా ఉండి కూడా మనలో చాలామంది వాటిని చూడలేదు. ఎక్కడెక్కడి వాళ్లో కార్లేసుకుని వచ్చి చూసిపోతుంటే మనం ఆ దోవనే పత్తి బండ్లు తోలుకుంటూ పోయాం గానీ పక్కకు తిరిగింది లేదు.

జమ్మలమడుగు దాటాక బస్సులో ఒక డిగ్రీ పిల్లవాడు మా పక్కకు వచ్చి కూర్చున్నాడు. కాసేపు కిటికీలోంచి చూసి, మెల్లగా అడిగాడు. "అయ్యగారూ, మా హాస్టల్లో ఒకడు 'మీరంతా కరువులో గంజికి కలిసినోళ్లే గదా' అన్నాడు. నాకు ఏం చెప్పాల్నో తెలీలేదు. ఏం చెప్పాల?"

ఈ మాట మాకు కొత్త కాదు. మేమూ ఆ వయసులో పడ్డాం. కోట చూశాక మాట్లాడుకుందామని చెప్పాం. నిజానికి అప్పటికి మా దగ్గర కూడా సిద్ధంగా జవాబు లేదు.

గండికోట పేరులోనే దాని సంగతి ఉంది. ఎర్రమల కొండలను పెన్న కోసుకుంటూ పోయిన చోట పడిన గండి, దాని అంచున కోట. అంచున నిలబడి చూస్తే సుమారు 300 అడుగుల లోతున నీళ్లు కనిపిస్తాయి. రెండు వైపులా ఎర్రటి బండలు, బైబిళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు పొరలు పొరలుగా ఉంటాయి. ఇవి వంద కోట్ల సంవత్సరాలు దాటిన రాళ్లని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. మన కడప పేరు ప్రపంచంలో భూగర్భ శాస్త్రం చదివినవాళ్లకు తెలిసింది ఈ రాళ్ల వల్లనే. ఎండాకాలంలో ఇసుక తప్ప ఏమీ కనిపించని మన పెన్నే ఇంత బండను కోసిందంటే మొదట నమ్మబుద్ధి కాదు. పిల్లలు ఫోటోలు దిగుతుంటే మేము అరిచి అరిచి వెనక్కి పిలవాల్సి వచ్చింది. అక్కడ సరైన కంచె లేదు. వెళ్లేవాళ్లు చిన్న పిల్లల చేయి వదలకండి.

కోట 12వ శతాబ్దంలో మొదలైందని స్థానిక చరిత్ర చెబుతుంది. విజయనగర రాజుల కాలంలో పెమ్మసాని నాయకులు దీన్ని ఏలారు. 1650 ప్రాంతంలో గోల్కొండ సుల్తాను మంత్రి మీర్ జుమ్లా పట్టుకున్నాడు. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే 1652లో ఆయనను కలవడానికి ఇక్కడికే వచ్చాడు. 1800లో నిజాం ఈ సీమనంతా ఇంగ్లీషువాళ్లకు వదిలేశాక కోటకు పని లేకుండా పోయింది. లోపల మాధవరాయ గుడి, రంగనాథుని గుడి, జామియా మసీదు, రాయల చెరువు, కత్తుల కోనేరు ఉన్నాయి. శిల్పాల గురించి మాకు పెద్దగా తెలియదు గానీ మాధవరాయ గుడి గోపురం ముందు మా పిల్లలు చాలాసేపు నిలబడ్డారు. నిలబడనిచ్చాం. చెక్కిన చేతులు మన పల్లెల చేతులే గదా.

మమ్మల్ని ఎక్కువగా ఆపింది మాత్రం మసీదుకు దగ్గరలో ఉన్న ధాన్యం కొట్టు. పెద్ద కట్టడం. దళసరి గోడలు, పైన వంపు తిరిగిన కప్పు. లోపలికి అడుగుపెడితే చల్లగా, చీకటిగా ఉంటుంది, మాట్లాడితే గొంతు తిరిగి వస్తుంది. శత్రువు నెలల తరబడి చుట్టూ కూర్చున్నా లోపలివాళ్లు తినడానికి దాచుకున్న చోటు. కోట బలం గోడలో కాదు, ఈ కొట్టులో, ఆ చెరువులో ఉందని మా డ్రైవరన్న అన్నాడు. సరైన మాటే. యోసేపు ఐగుప్తులో పట్టణం పట్టణానికీ ధాన్యం కూర్చిన సంగతి ఆదికాండము 41లో చదువుతాం. అయితే యోసేపు కరువు ముదిరాక కొట్లు తెరిచాడు. ఐగుప్తువాళ్లకే కాదు, పక్క దేశాల నుంచి గాడిదలు తోలుకొచ్చిన వాళ్లకు కూడా. కోట కొట్టు సంగతి వేరు. అది తలుపులు మూసుకోవడానికి కట్టింది. కింద పల్లెల్లో రైతులకు జొన్నలు దాచుకునే పాతర్లుండేవి. వాళ్ల పొలాల్లో కూలి చేసే మాలపల్లెకు, మాదిగపల్లెకు పాతర కూడా లేదు. పండిన రోజు తిన్నారు, పండని రోజు పస్తున్నారు.

అక్కడే, ఆ గోడ నీడలో కూర్చుని, పిల్లవాడి ప్రశ్నను అందరి ముందూ పెట్టాం.

ధాత కరువు గురించి మీలో పెద్దవాళ్లు విని ఉంటారు. ధాత నామ సంవత్సరంలో, అంటే 1876లో వానలు పోయాయి. మరుసటి ఏడాదీ కష్టంగానే గడిచింది. కడప మీదుగా రైలు పట్టాలు అప్పటికే వేసి ఉన్నాయి, ధాన్యం వస్తూనే ఉంది. కొనడానికి కూలివాడి చేతిలో డబ్బు లేదు. సర్కారు కరువు పనులు పెట్టింది. 1877లో రిచర్డ్ టెంపుల్ అనే దొర వచ్చి, రోజంతా మట్టి మోసిన మగమనిషికి ఒక పౌను గింజలు, ఒక అణా చాలునని కూలి తగ్గించాడు. పౌను అంటే అర కిలో కూడా కాదు. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య కర్నూలు జిల్లాలో దాదాపు నాలుగో వంతు జనం తగ్గారు. ప్రతి నలుగురిలో ఒకరు లెక్కకు అందలేదంటే, మన ప్రతి ఇంట్లో ఒక ఖాళీ ఉందన్నమాట.

ఇప్పుడు గంజి మాట. మన జిల్లాల్లో సువార్త ధాత కరువుతో మొదలు కాలేదు. లండన్ మిషన్ వాళ్లు 1822లోనే కడపలో ఉన్నారు. జమ్మలమడుగు వైపు మాలపల్లెల నుంచి జనం తమకు చదువు చెప్పేవాళ్లు కావాలని అడగడం 1850లలోనే మొదలైంది. ముత్యాలపాడు, నంద్యాల వైపు సంఘాలు కూడా కరువుకు ముందు వేసిన పునాదుల మీద లేచినవే. ఇది ఒకటి.

రెండోది మాకు ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. అప్పట్లో కంభం, మార్కాపురం కర్నూలు జిల్లాలో ఉండేవి. ఒంగోలు నుంచి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆ ప్రాంతమంతా తిరిగేవాడు. కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్లు కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి పని కల్పించాడు. ఆ జనమే బాప్తిస్మం కావాలని అడిగితే, ఏడాదికి పైగా ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారో, క్రీస్తు కోసం వచ్చారో తేలాలని. సహాయ నిధులు ఆగిపోయాక కూడా జనం పల్లెల నుంచి నడిచి వచ్చారు. అప్పుడు, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. గంజి ఉన్నన్ని రోజులూ తలుపు మూసి, గంజి అయిపోయాక తెరిచాడు. ఎగతాళి చేసేవాళ్లకు ఈ సంగతి తెలియదు. మనవాళ్లకూ తెలియదు, అది మా బాధ.

మరో సంగతి. సర్కారు గంజి కేంద్రాల్లో తాగినవాళ్లు ఒక్క పల్లెవాళ్లే కాదు. కరువు అందరినీ వరసలో నిలబెట్టింది. గంజికే మనిషి మారేటట్టయితే సీమంతా ఎప్పుడో మారిపోయి ఉండేది.

ఇంతవరకు చెప్పి మేము కాస్త గెలిచినట్టే అనుకున్నాం. అప్పుడు మన సంఘంలో అందరికన్నా పెద్దదైన పెద్దమ్మ, గోడకు ఆనుకుని ఒక్కపొడి వక్క నములుతూ అంది: "తాగినాంలే నాయనా గంజి. దాంట్లో దాపరికమేముంది? ఆకలైనోడు తాగక ఏం జేస్తాడు?"

వాళ్ల జేజికి తన తల్లి చెప్పిన మాటలట ఇవి. నాగజెముడు పండ్లు ముళ్లు గీకి తిన్నారు. ఆకులు ఉడకేసుకున్నారు. ఇద్దరు బిడ్డలు పోయారు. మూడో బిడ్డను చంకనేసుకుని రెండు రోజులు నడిచి ఎక్కడో గంజి పోస్తున్నారంటే పోయింది. అక్కడ ఒక పంతులు ఆమెను పేరు అడిగాడట. "గంజి పోసినోళ్లు శానామంది. పేరడిగినోడు ఆయనొకడే అనేదంట మాయమ్మ జేజి," అంది పెద్దమ్మ.

మేము నోరు మూసుకున్నాం. అంతసేపూ మేము చేసిందేమిటి? మనవాళ్లు ఆకలితో రాలేదని నిరూపించే ప్రయత్నం. ఆకలి ఏదో తప్పయినట్టు. చరిత్ర మేము చెప్పింది నిజమే, దాన్ని వెనక్కి తీసుకోం. కానీ ఆకలితో వచ్చినవాళ్లూ ఉన్నారు. వచ్చి కరువు తీరాక వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు. యోహాను 6లో రొట్టెలు తిన్న జనం మళ్లీ వెతుక్కుంటూ కపెర్నహూముకు వస్తే, మీరు వచ్చింది రొట్టె కోసమేనని ప్రభువు ముఖం మీదే చెప్పాడు. ఆ మాట నొప్పిగానే ఉంటుంది. కానీ ఆ రొట్టె పెట్టింది కూడా ఆయనే, ఎవరూ అడగకముందే. యాకోబు కొడుకులు ఐగుప్తుకు పోయింది తమ్ముణ్ని వెతకడానికా? గింజల కోసం. నయోమి బేత్లెహేము విడిచి మోయాబుకు పోయింది కరువుకే. ఆ కరువే లేకపోతే రూతు మనకు తెలిసేదే కాదు. లూకా 15లో చిన్న కొడుకు ఇంటి దోవ పట్టింది తండ్రి మీద ప్రేమ పొంగి కాదు, కడుపు కాలి. ఎందుకు వచ్చావని తండ్రి అడిగినట్టు ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు.

ఆ మాట చెప్పగానే డిగ్రీ పిల్లవాడు తల ఎత్తి చూశాడు. ఏమీ అనలేదు.

మధ్యాహ్నం బెలుం దోవ పట్టాం. దోవలో కొలిమిగుండ్ల వైపు అంతా నాపరాయి గనులు. మన గుడి నేలకు పరిచింది, మన సమాధులకు నిలిపింది ఈ రాయే. గనుల్లో దుమ్ము మింగుతూ పనిచేసేవాళ్లలో మన సంఘంవాళ్లూ ఉన్నారు గనుక వాళ్ల కోసం బస్సులోనే ప్రార్థన చేసుకున్నాం.

బెలుం గుహలు పైనుంచి చూస్తే ఏమీ కనిపించవు. చదునైన చేను, దానిలో ఒక గుంత. దిగితే భూమి కింద ఊరున్నట్టే. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు. వందేళ్ల తర్వాత, 1982, 83లలో జర్మనీ నుంచి వచ్చిన డేనియల్ గెబౌర్ బృందం లోపల పాకుతూ కొలిచింది. మొత్తం 3,229 మీటర్లు. సున్నపురాయిని నీరు లక్షల ఏళ్లు కరిగించి చేసిన దారులివి. 2002 నుంచి దీపాలు పెట్టి అందరినీ దిగనిస్తున్నారు. లోపల ఉక్కపోతగా ఉంటుంది. ఆయాసం ఉన్నవాళ్లు జాగ్రత్త.

అన్నిటికన్నా లోతైన చోటు పాతాళగంగ. పైన చేలు ఎండి బీటలు వారిన రోజుల్లో కూడా అక్కడ సన్నని నీటి పాయ పారుతూనే ఉంటుందట. కొంత దూరం పోయి రాతిలోకి మాయమవుతుంది. మన జేజిలు నాగజెముడు పండ్లు ఏరుకు తిరిగిన రోజుల్లో ఈ నీళ్లు వాళ్ల కాళ్ల కింద పారుతున్నాయేమోనని అనుకుంటూ మేము అక్కడ చాలాసేపు ఉన్నాం.

పెద్దమ్మ కిందికి దిగలేదు. మోకాళ్లు. పైన పెద్ద బుద్ధుని విగ్రహం దగ్గర నీడలో కూర్చుంది. మేము బయటికి వచ్చేసరికి డిగ్రీ పిల్లవాడు మాకన్నా ముందే పైకి ఎక్కి ఆమె పక్కన కూర్చుని ఉన్నాడు. క్యారియర్ తెరిచి ఉంది, సంగటి, చెనిగ్గింజల ఊరిబిండి. వాడు తింటూ అడుగుతున్నాడు: "ఆ పంతులు పేరడిగినాడంటివి గదా పెద్దమ్మా. ఏం పేరు చెప్పిందంట ఆమె?"

పెద్దమ్మ చెప్పింది. వాడు ఎడమచేత్తో ఫోను తీసి రాసుకున్నాడు. రాసి, సరిగా రాశానా అని ఆమెకు చదివి వినిపించాడు. ఆ పేరు ఇక్కడ రాయం, అది వాళ్ల ఇంటిది.