డీఎన్‌ఏ గణన

డీఎన్‌ఏ పోగులు తమకు జతపడే పోగును వెతుక్కుని అతుక్కునే గుణాన్ని లెక్కలకు వాడుకోవడమే డీఎన్‌ఏ గణన. సిలికాన్ చిప్‌తో పోటీపడి ఓడిపోయిన విద్యగా దీని చరిత్రను చెప్పడం పరిపాటి. పొరపాటు ఆ పోలికలోనే ఉంది; గణన చిప్‌కే సొంతం కాదు. ఐబీఎంలో రోల్ఫ్ లాండవర్ 1961లో, ఒక బిట్ సమాచారాన్ని చెరపడానికి కనీసం ఎంత శక్తి ఖర్చవుతుందో లెక్కగట్టాడు. ఆయన సహోద్యోగి చార్లెస్ బెన్నెట్ 1973లో, శక్తిని అతి పొదుపుగా వాడే గణనకు ఉదాహరణగా కణంలో ఆర్‌ఎన్‌ఏ తయారయ్యే తీరును చూపాడు. అంటే అణువులు లెక్క చేయగలవా అన్న ప్రశ్నకు జీవకణం జవాబు ఎప్పుడో చెప్పేసింది. వాటిచేత మనకు కావలసిన లెక్క చేయించడమే మిగిలింది.

ఆ పని 1994లో లియొనార్డ్ ఎడిల్మన్ చేశాడు. ఆర్‌ఎస్‌ఏ రహస్య లిపి పేరులోని ‘ఏ’ ఈయనే. ఆయన ఎంచుకున్న చిక్కు ఇది: ఏడు ఊళ్లు, వాటి మధ్య 14 ఒంటివైపు దారులు. ఏ ఊరినీ వదలకుండా, రెండోసారి తొక్కకుండా చివరి ఊరు చేరాలి. ఒక్కో ఊరికి 20 అక్షరాల డీఎన్‌ఏ ముక్కను పేరుగా పెట్టాడు. దారి ముక్కలో సగం బయల్దేరే ఊరిది, సగం చేరే ఊరిది. అన్నిటినీ పరీక్షనాళికలో కలిపితే సాధ్యమైన ప్రయాణాలన్నీ ఒక్కసారే అల్లుకున్నాయి. సరైనదాన్ని ఏరడానికి మాత్రం వారం రోజులు పట్టింది. కాగితం మీద ఇది కాసేపటి పని.

ఊళ్లు 200 అయితే కావలసిన డీఎన్‌ఏ భూమికంటే బరువు తూగుతుందని యూరిస్ హార్ట్‌మానిస్ 1995లో లెక్కగట్టి చూపాడు. ఈ ఆక్షేపణకు తిరుగులేదు. కానీ అది తగిలేది అన్ని దారులనూ పుట్టించి వెతికే పద్ధతికి. పరిస్థితిని బట్టి నిర్ణయం తీసుకోగల అణువుల శక్తికి కాదు. ఒక పోగు మరో పోగును పక్కకు నెట్టి దాని చోటు ఆక్రమించే చర్యతో 2000లో బెర్నార్డ్ యుర్కె బృందం డీఎన్‌ఏ పట్టకారును ఆడించింది. అదే కిటుకుతో 2011లో లూలూ చియాన్, ఎరిక్ విన్‌ఫ్రీ 130 పోగులతో నాలుగు బిట్ల సంఖ్యలకు వర్గమూలం కట్టించారు. గంటలు పట్టింది, పైగా పోగులు ఒక్కసారికే ఖర్చైపోయాయి. అయితే ఏం? ఒక్కసారే వెలుగుతుందని అగ్గిపుల్లను ఎవరూ తప్పుపట్టరు. 2004లో ఎహుద్ షపీరో బృందం తయారుచేసిన అణుయంత్రం క్యాన్సర్‌ను సూచించే ఆర్‌ఎన్‌ఏలను గుర్తించి, మందుగా పనిచేసే డీఎన్‌ఏ ముక్కను తానే విడుదల చేసింది. అడిగిందీ అణువే, బదులిచ్చిందీ అణువే. ఆ చోట చిప్‌కు చేసేందుకు పనే లేదు. అయితే అది జరిగింది పరీక్షనాళికలో. ఒంట్లోనైతే పరాయి డీఎన్‌ఏ కనబడితే ముక్కలు చేసే ఎంజైములు కాచుకుని ఉంటాయి.