ఇంగ్లిష్ రాయడం: లోపం పిల్లల్లో ఉందా, పాఠంలో ఉందా?

"వీళ్లకు ఇంగ్లిష్ రాయడం రాదు. ఇంట్లో చదువుకున్నవాళ్లు లేరు, ఇంకేం వస్తుంది?" మన పిల్లలు చదివే బడుల్లో తరచూ వినిపించే మాట ఇది. ఈ తీర్పును ఆధారాలతో ఎదుర్కోవడానికి ఉపాధ్యాయుల చేతిలో ఒక పద్ధతి ఉంది. బీఈడీ పుస్తకాల్లో దాన్ని క్రియాత్మక పరిశోధన అంటారు. టీచర్ తన తరగతిలోని ఒక సమస్యను గుర్తించి, బోధనలో ఒక మార్పు చేసి, ఏం జరిగిందో నమోదు చేసి, దాన్నిబట్టి మళ్లీ సరిదిద్దుకోవడమే ఇది.

దీనికి పునాది వేసినవారిలో ముఖ్యుడు కర్ట్ లెవిన్. నాజీలు అధికారంలోకి వచ్చిన 1933లో జర్మనీ వదిలి అమెరికా చేరిన యూదు మనస్తత్వ శాస్త్రవేత్త ఆయన. 1946లో ఈ పద్ధతిపై ఆయన రాసిన వ్యాసం శీర్షికలోనే మైనారిటీల సమస్యల ప్రస్తావన ఉంది. 1953లో స్టీఫెన్ కోరీ పుస్తకం దీన్ని బడుల్లోకి తెచ్చింది. వివక్షను తగ్గించే ప్రయత్నంలో ఎదిగిన పద్ధతి కాబట్టి ఇది మనకు పరాయిది కాదు.

తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లిష్ మీడియాన్ని విస్తరించారు. మీడియం మారినంత మాత్రాన రాయడం రాదు. గైడులోని వ్యాసాన్ని బట్టీపట్టి దించితే మార్కులు రావచ్చు. కానీ స్కాలర్‌షిప్ ఆగిపోతే సొంతంగా నాలుగు వాక్యాల ఈమెయిల్ రాయడానికి ఆ బట్టీ పనికిరాదు.

ఎనిమిదో తరగతిని ఉదాహరణగా తీసుకుని, ఈ పరిశోధన ఎలా సాగుతుందో చూద్దాం.

1. గుర్తించడం: పిల్లలకు తెలిసిన మూడు అంశాలిచ్చి, నచ్చినదానిపై 20 నిమిషాలు రాయమనాలి. సొంత వాక్యాలెన్ని, చదివితే అర్థమయ్యేవెన్ని, ఏ తప్పు ఎక్కువగా వస్తోంది అన్నవి లెక్కించాలి. "ఇది మా ఊరు" అనడానికి తెలుగులో క్రియాపదం అక్కర్లేదు. అందుకే చాలామంది "దిస్ అవర్ విలేజ్" అని రాసి "ఈజ్" వదిలేస్తారు. ఇది తెలివి తక్కువై చేసే తప్పు కాదు. రెండు భాషల వాక్య నిర్మాణంలో ఉన్న తేడా.

2. మార్పు చేయడం: ఒకసారి ఒకే మార్పు. ఉదాహరణకు, ముందు తెలుగులో మాట్లాడుకోవడం, తర్వాత ఇంగ్లిష్‌లో చిత్తుప్రతి, జతగా చదువుకోవడం, తిరగరాయడం. వారానికి ఒక రకం తప్పునే దిద్దాలి. పేజీ నిండా ఎర్ర గీతలు పడితే పిల్లలు రాయడమే మానేస్తారు.

3. గమనించడం: పిల్లల ప్రతులన్నీ తేదీలతో దాచాలి. ఎవరు చదివి వినిపించారు, ఎవరు నోరు విప్పలేదు, వెనక బెంచీలో ఎవరున్నారు అన్నది రోజూ రెండు మూడు వాక్యాల్లో రాసుకోవాలి.

4. సమీక్షించడం: ఆరు వారాల తర్వాత అదే స్థాయి అంశంపై మళ్లీ 20 నిమిషాలు రాయించాలి. ప్రతి విద్యార్థినీ తన పాత ప్రతితోనే పోల్చాలి, పక్కవాళ్లతో కాదు. మార్పు రాకపోతే మార్చాల్సింది పద్ధతిని. అక్కడి నుంచి రెండో విడత మొదలవుతుంది.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. వాడ గురించో, తల్లిదండ్రుల పని గురించో అందరి ముందు చదివిస్తే కులం బయటపడి పిల్లలు అవమానపడొచ్చు. ఏది చదవాలో వాళ్లనే ఎంచుకోనివ్వాలి. జతల్లో ఎప్పుడూ ఒకరే దిద్దేవాళ్లుగా, ఇంకొకరు దిద్దించుకునేవాళ్లుగా మిగలకూడదు. నివేదికలో పేర్లు ఉండకూడదు.

దీనికి పరిమితులూ ఉన్నాయి. ఒక తరగతి ఫలితం అన్ని బడులకూ వర్తించదు. టీచర్ పోస్టు ఖాళీగా ఉన్నచోట ఏ పరిశోధనా ఆ లోటు తీర్చదు. అయితే తేదీలతో ఉన్న ప్రతులు బలమైన సాక్ష్యం. అవి మెరుగుదల చూపిస్తే "వీళ్లకు రాదు" అన్న మాట నిలబడదు. చూపించకపోతే ఏం లోపించిందో అధికారులను అడగడానికి మన దగ్గర వివరాలుంటాయి.

బీఈడీ చదువుతున్న మిత్రులు ప్రాజెక్టుకు ఈ అంశాన్ని ఎంచుకోవచ్చు. హాస్టళ్లలో సాయంత్రం చదువులు నడిపే కార్యకర్తలు రేపే మొదలుపెట్టొచ్చు. కావాల్సింది ఒక నోటుపుస్తకం, ఆరు వారాల ఓపిక, పిల్లలు నేర్చుకోగలరన్న నమ్మకం.