సైబరాబాద్‌లో సహజ కర్బన నిల్వ: ప్రభుత్వ విధానం

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలిల మీదుగా విస్తరించిన హైదరాబాద్ ఐటీ ప్రాంతంలో చెట్లు, పొదలు, చెరువులు, నేల గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి ఉంచుతాయి. ప్రభుత్వం ఈ పనిని ఎక్కువగా పచ్చదనం పేరుతోనే చేపట్టింది.

2030 నాటికి అదనపు అడవులు, చెట్ల ద్వారా 250 నుంచి 300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన నిల్వను ఏర్పరుస్తామని 2015లో భారత్ ప్రపంచానికి మాటిచ్చింది. ఆ ఏడాది జులై 3న తెలంగాణ ప్రభుత్వం మొక్కలు నాటే హరితహారం కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 నుంచి 33 శాతానికి పెంచడం దాని లక్ష్యం. 2019 పురపాలక చట్టం పట్టణాల బడ్జెట్‌లో 10 శాతాన్ని పచ్చదనానికి కేటాయించాలంది. లెక్కల్లో పెరుగుదల కనిపించింది: భారత అటవీ సర్వే ప్రకారం హైదరాబాద్ అటవీ విస్తీర్ణం 2011లో 33.15 చదరపు కిలోమీటర్లు, 2021లో 81.81.

అయితే ఆ సర్వే లెక్కించేది ఉపగ్రహానికి కనబడే చెట్ల గొడుగును. హెక్టారుకు తగ్గని నేలలో అది కనీసం 10 శాతం పరచుకుని ఉండాలి. అంతకన్నా పలుచగా ఉంటే పొదల భూమి కింద రాస్తారు. దక్కన్ రాతినేలల్లోని గడ్డి, తుప్పలు కర్బనంలో పెద్ద వాటాను వేళ్లలో, మట్టిలో దాస్తాయి. యంత్రాలతో చదును చేస్తే దశాబ్దాలుగా చేరిన ఆ నిల్వ చెదిరిపోతుంది. వేరేచోట నాటిన మొక్కలు దాన్ని త్వరగా పూడ్చలేవు. మొక్కల సంఖ్యతో విజయాన్ని కొలిచే విధానంలోని అసలు లోటు ఇదే.

కంచ గచ్చిబౌలి వివాదం ఈ లోటును బయటపెట్టింది. 1974లో ఏర్పడిన హైదరాబాద్ విశ్వవిద్యాలయాన్ని ఆనుకున్న 400 ఎకరాల కంచ గచ్చిబౌలి భూమిని 2004లో ఒక ప్రైవేటు సంస్థకు కేటాయించారు, 2006లో రద్దు చేశారు. కోర్టు పోరాటం 2024లో ప్రభుత్వానికి అనుకూలంగా ముగిసింది. ఐటీ అభివృద్ధి కోసం 2025 మార్చి చివర్లో యంత్రాలు దిగగా విద్యార్థులు అడ్డుకున్నారు. ఇది ప్రభుత్వ భూమి, రికార్డుల్లో అడవి కాదు అన్నది సర్కారు వాదన. కానీ రికార్డుల్లో లేకపోయినా నిఘంటువు అర్థంలో అడవి అయితే అడవిగానే చూడాలని 1996లో గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 ఏప్రిల్ 3న అదే కోర్టు ఇక్కడ చెట్ల నరికివేతను ఆపింది. అదే నెల 16న, నరికిన మేర పచ్చదనాన్ని ఎలా పునరుద్ధరిస్తారో ప్రణాళిక ఇవ్వాలని రాష్ట్రాన్ని ఆదేశించింది.

దీనికి దగ్గర్లోనే కొత్తగూడ బొటానికల్ గార్డెన్ సుమారు 274 ఎకరాల్లో ఉంది. అది రిజర్వు అటవీ భూమి. చుట్టూ ఐటీ భవనాలు లేచినా అది మిగలడానికి ఆ నమోదు పెద్ద అండ.