గ్రానైటులోని ఊదారంగు సిర

పామిడి ఊరిని ఆనుకొని పెన్న ప్రవహించును. ప్రవహించునని పటములు చెప్పును గాని, సంవత్సరములో అధికభాగము అచ్చట కనిపించునది ఇసుకయే. ఆ ఇసుకలో చెలమలు తీసి నీరు తోడుకొనుట నదీతీర గ్రామములకు పాత అలవాటు. ఒడ్డు విడిచి కొంతదూరము పోయి బావి త్రవ్విన యెడల, మన్ను, మొరము దాటగానే గడ్డపారకు గ్రానైటు, నీసు శిలలు తగులును. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియు ఈ మెట్టసీమలో, అడుగున నీరు నిలుచునది ఆ రాతి పగుళ్లలోనే. ఆ పగుళ్లలో నీటితోపాటు మరి యేమి యుండునో మానవుడు తెలిసికొనుటకు మూడు, నాలుగు శతాబ్దములు పట్టినది.

ఈ ప్రాంతపు గ్రానైటులలో అనేకము సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటివి. భూమి లోతులలో శిలాద్రవము మెల్లమెల్లగా చల్లారునపుడు ముందుగా గట్టిపడు ఖనిజములలో ఫ్లోరిన్ అంతగా ఇముడదు. కొంతభాగము నల్లని అభ్రకములోను, అపటైటులోను చేరును. తక్కినది చివరకు మిగిలిన వేడినీటిలో పోగగును. బండ చల్లబడి పగులుబారినపుడు ఆ నీరు పగుళ్ల వెంట పైకి వచ్చును. దారిలో ఫెల్స్పార్ నుండి కాల్షియమును గ్రహించి, వేడి తగ్గిన చోట ఫ్లోరైటును గోడలపై అంటించి పోవును. ఇటువంటి సిర కొన్నిచోట్ల వ్రేలి మందము కూడ ఉండదు. ఊదా, లేత ఆకుపచ్చ రంగులలో, ఒక్కొక్కప్పుడు రంగులేకయు, ఘనాకారపు స్ఫటికములుగా ఇది కనిపించును. చాకుమొనతో గీసిన గీత పడును. పక్కనున్న పలుగురాతిపై పడదు. పొలములో దీనిని గుర్తించుటకు ఇంతకంటె సులువైన పరీక్ష లేదు.

యూరపు గని పనివారికి ఈ రాయి చిరకాల పరిచితము. ముడిఖనిజముతో కలిపి కొలిమిలో వేసిన యెడల తక్కిన రాయి త్వరగా కరగి పారును. 1530లో అగ్రికోలా తన గ్రంథములో దీనిని ప్రస్తావించినాడు. పేరుకు మూలము ‘ప్రవహించుట’ అను అర్థము గల లాటిన్ ధాతువు. 1771లో స్వీడనుకు చెందిన షీలే దీనినుండి ఒక విచిత్రమైన ఆమ్లమును తీసినాడు. అది గాజును సైతము తినివేసినది. 1852లో స్టోక్స్ కంటికి కానరాని కిరణములు పడినపుడు కొన్ని పదార్థములు వెలుగుట పరిశీలించి, ఆ వెలుగుకు ఫ్లోర్‌స్పార్ పేరు మీదనే ‘ఫ్లోరెసెన్స్’ అని నామకరణము చేసినాడు. కాని ఆమ్లములోని మూలకము మాత్రము ఎవరికిని లొంగలేదు. దానిని పట్టబోయి బెల్జియమువాడైన లూయే, ఫ్రాన్సువాడైన నిక్లే ప్రాణములు పోగొట్టుకొనినారు. తుదకు 1886 జూన్ 26న పారిస్‌లో మొయిసాన్, ప్లాటినము, ఇరిడియముల మిశ్రలోహపు గొట్టములో విద్యుత్తును పంపి ఫ్లోరిన్‌ను వేరుచేసినాడు. 1906లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది.

అదే 1886లో భారత భూవైజ్ఞానిక సర్వేకు చెందిన రాబర్ట్ బ్రూస్ ఫుట్, బళ్లారి, అనంతపురం జిల్లాల శిలలను గురించి తన పరిశీలనలను ప్రకటించినాడు. ఒకరు ఫ్లోరిన్‌ను సీసాలో పట్టిన యేడే, మరొకరు అది దాగియున్న బండలమీద నడిచినాడు. ఈ రెండు పనులకు ఏదైన సంబంధముండునని అప్పుడు ఎవ్వరికిని తోచలేదు. తోచుటకు ఆధారమును లేదు.

ఆ ఆధారము పాత నెల్లూరు జిల్లాలో, ఇప్పటి ప్రకాశం ప్రాంతమున దొరికినది. 1930 తరువాత దర్శి పరిసరముల రైతులు తమ ఎద్దులు కీళ్లు బిగిసి నడువలేకపోవుట చూచినారు. శాస్త్రజ్ఞుల కంటె ముందు సేద్యగాండ్రు గుర్తించినారనుట ఇక్కడ ప్రత్యేకముగా చెప్పదగినది. 1931లో అమెరికాలో చర్చిల్ అను రసాయనజ్ఞుడు, పండ్లపై మచ్చలకు త్రాగునీటిలోని ఫ్లోరైడు కారణమని కనుగొనియుండెను. 1937లో మద్రాసులోని కింగ్ ఇన్‌స్టిట్యూటుకు చెందిన షార్ట్, పండిట్, రాఘవాచారి కలిసి నెల్లూరు జిల్లాలో వ్యాపించిన ఫ్లోరోసిస్ వ్యాధిని వర్ణించి ప్రకటించినారు. పిల్లలకు పండ్లు గారపట్టుటతో ఆగక, పెద్దవారికి వెన్ను, మెడ కదలక బిగిసిపోవుట వరకు ఆ వ్యాధి పోవుచుండెను. ఊరిబావి నీరు చూపునకు స్వచ్ఛము, నోటికి తీపి; అనుమానించుటకు ఏమియు లేదు.

ఇక్కడ ఒక చిక్కుప్రశ్న ఉన్నది. ఫ్లోరైటు నీటిలో బహుస్వల్పముగా కరగును. లీటరు నీటికి సుమారు 16 మిల్లీగ్రాములే. అందులో ఫ్లోరిన్ భాగము దాదాపు సగము. అంత మొండి ఖనిజము బావినీటిని ఎట్లు చెరచును? ఒకటి, చెరచుటకు ఎక్కువ అక్కరలేదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ పెట్టిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మాత్రమే. రెండవది, కరవునేల స్వభావము. నీటిలో కాల్షియము అధికముగా నున్నప్పుడు ఫ్లోరైటు కరగుట మందగించును. ఎండలు మెండుగా గల చోట నీరు ఆవిరియగుచు, అందలి కాల్షియము సున్నపు గడ్డలుగా నేలలోనే పేరుకొనును. మిగిలిన నీటిలో సోడియము, బైకార్బొనేటు పెరుగును. కాల్షియము తొలగినకొలది ఫ్లోరైటునకు అడ్డు తగ్గి మరికొంత కరగును. కనుక చౌడుసీమ బావినీరు ‘మెత్తగా’ ఉన్నదని సంతోషించుటకు వీలులేదు. వర్షము తక్కువయగుట వలన రాతినుండి వచ్చిన లవణములను కడిగి తీసికొనిపోవు కొత్తనీరును రాదు.

నేరమంతయు ఫ్లోరైటుపై మోపుట న్యాయము కాదు. నల్ల అభ్రకమును, అపటైటును తోడుదొంగలే. నల్గొండ ప్రాంతపు గ్రానైటులను విశ్లేషించినపుడు కిలో రాతిలో 325 నుండి 3,200 మిల్లీగ్రాముల వరకు ఫ్లోరిన్ కనిపించినది, సగటు 1,440. ప్రపంచపు గ్రానైటుల సగటు 800 చిల్లర మాత్రమే.

గని యజమాని లెక్క వేరు. ఛత్తీస్‌గఢ్‌లోని చాందీడోంగ్రి వద్ద గ్రానైటులోని సిరలు త్రవ్వుటకు తగినవైనవి. గుజరాత్‌లోని అంబాడుంగర్ నిక్షేపము ఇంకను పెద్దది. ఉక్కు, అల్యూమినియము, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లము తయారగు కర్మాగారములకు ఫ్లోరైటు కావలయును. వ్రేలి మందపు సిరకు అట్టి లెక్కలో చోటు లేదు. కాని బావి త్రవ్వువాని లెక్కలో ఆ సన్నని సిరయే ముఖ్యము. అది వెంబడించు పగులే నీటికిని దారి.

అనంతపురం జిల్లాలో బోరుబావులు పెరిగినకొలది, నీరు మొరములోనుండి గాక లోతు బండలోనుండి రాసాగినది. ఎక్కువకాలము రాతిని ఒరసికొనియున్న నీరు ఎక్కువ ఫ్లోరైడును మోసికొనివచ్చును. 1990 దశకము మధ్యలో సత్యసాయి నీటిపథకము జిల్లాలోని ఏడు వందలకు పైగా గ్రామములకు నీరు చేర్చుటకు పూనుకొనుటలో ఈ ఫ్లోరైడు బాధయు ఒక కారణము. పటికను, సున్నమును కలిపి తేర్చు ‘నల్గొండ పద్ధతి’ని నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధనాసంస్థ 1970 దశకముననే రూపొందించియుండెను. ఊరూర దానిని దినదినము నడుపుటయే కష్టము. పామిడివంటి నదీతీర గ్రామములలో చెలమ నీరు బోరునీటికంటె సాధారణముగా తక్కువ ఫ్లోరైడు గలదై యుండును; కారణము అది వరదనీరు, ఇసుకలో కొద్దికాలమే నిలిచినది. వరుసగా రెండేండ్లు పెన్నలో వరద రాని పక్షమున చెలమ ఎండును. అప్పుడు మరల బోరునకే పోవలసియుండును. బోరు వేసిన దినముననే ఒక సీసా నీరు పరీక్షశాలకు పంపుట అందువలననే అవసరము.