నరాలు కోసేసినా ఆగని రసం: ‘హార్మోన్’ అనే మాట ఎలా పుట్టింది?

ఇంటర్ బైపీసీలో ‘సెక్రెటిన్’ అనే పేరుని నేను ఒక్క మార్కు కోసం బట్టీ పట్టాను. దాని వెనక ఇంత కథ ఉందని అప్పుడు ఎవరూ చెప్పలేదు. ఇవాళ అదే చెప్తాను.

1900 ప్రాంతంలో జీర్ణక్రియ అంటే రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్లోవ్ మాటకి తిరుగు లేదు. గంట, కుక్క, లాలాజలం అని చదువుకున్నాం కదా, ఆయనే. జీర్ణాశయంలోని ఆమ్లంతో కలిసిన తిండి చిన్నపేగులోకి దిగగానే క్లోమం రసం వదులుతుంది. ఆ కబురు క్లోమానికి ఎవరు చేరవేస్తారు? నరాలే అని పావ్లోవ్ ల్యాబ్ నమ్మింది.

లండన్ యూనివర్సిటీ కాలేజీలో విలియం బేలిస్, ఎర్నెస్ట్ స్టార్లింగ్ అని ఇద్దరు ఉండేవాళ్లు. వరసకి బావా బావమరుదులు. దీన్ని పరీక్షించి చూద్దాం అనుకున్నారు.

1902 జనవరి 16. మత్తు ఇచ్చిన ఒక కుక్కలో, చిన్నపేగు ముక్కకి వెళ్లే నరాలన్నీ కోసేశారు. రక్తనాళాలు మాత్రం ఉంచారు. ఆ ముక్కలో ఆమ్లం పోశారు. నరం లేదు కాబట్టి కబురు వెళ్లకూడదు. కానీ క్లోమం నుంచి రసం వచ్చింది!

అంటే కబురు రక్తంలో వెళ్తోందన్నమాట. వెంటనే పేగు లోపలి పొరని గీకి, ఆమ్లంతో నూరి, వడకట్టి, కుక్క రక్తంలోకి ఎక్కించారు. మళ్లీ రసం వచ్చింది. పేగులో పుట్టిన ఆ పదార్థానికే సెక్రెటిన్ అని పేరు పెట్టారు. 1905లో ఇలాంటి రసాయన దూతలన్నిటికీ కలిపి స్టార్లింగ్ ‘హార్మోన్’ అనే మాట వాడారు. గ్రీకులో ‘ప్రేరేపించడం’ అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది అది.

మరి పావ్లోవ్? నాకు బాగా నచ్చేది ఇదే. ఆయన కోప్పడి ఊరుకోలేదు. తన ల్యాబ్‌లోనే ఆ ప్రయోగం మళ్లీ చేయించారు. అదే ఫలితం వచ్చింది. వాళ్లు చెప్పిందే నిజమని ఒప్పుకున్నారు. 1904లో నోబెల్ ఆయనకే వచ్చింది, జీర్ణక్రియ మీద చేసిన పనికే. బేలిస్, స్టార్లింగ్‌లకి ఎప్పుడూ రాలేదు.

అలాగని పావ్లోవ్‌ది పూర్తిగా తప్పూ కాదు. నరాలు, హార్మోన్లు రెండూ కలిసే ఈ పని నడిపిస్తాయని తర్వాత తేలింది.

ఇప్పుడు రీల్స్‌లో బరువు తగ్గించే ఇంజెక్షన్లు చూస్తున్నారు కదా. వాటిలో సెమాగ్లుటైడ్ అనేది జీఎల్‌పీ-1 అనే పేగు హార్మోన్‌ని అనుకరించే మందు. పేగు కూడా రక్తం ద్వారా కబురు పంపగలదని తెలిసింది ఆ రోజు ప్రయోగంతోనే.

ఎంత పెద్దవాళ్లు చెప్పినా పరీక్షించి చూడాలి. మనదే తప్పని తేలితే ఒప్పుకోవాలి. మళ్లీ ఇంకో కథతో కలుద్దాం.