తాలీంఖానా నుండి అద్దం దాకా : నడుము బలం కథ

కిందటి సంవత్సరం మా బడిలో పదో తరగతి పిల్లవాడొకడు ఉదయం అసెంబ్లీలో కళ్ళు తిరిగి పడిపోయాడు. విచారించగా తేలినదేమంటే, ఇంట్లో పెళ్ళి ఉందనీ, ఫొటోలో పొట్ట మీద ఆరు పలకలు కనపడాలనీ రెండు రోజులు అన్నం ముట్టలేదట. నీళ్ళు కూడా గుక్కెడే తాగాడట. "సినిమావాళ్ళు ఇట్లనే చేస్తరంట సార్" అన్నాడు. వాణ్ణి మందలించాం గాని, ఈ పిచ్చి ఎక్కడ నుండి వచ్చిందో చెప్పలేకపోయాం. చరిత్ర పాఠం చెప్పే మేము ఆ మాత్రం చెప్పలేకపోవడం బాగులేదనిపించింది. అందుకే ఈ వ్యాసం.

మొదట మాటలను చూద్దాం. పహిల్వాను, వస్తాదు, కుస్తీ, తాలీంఖానా - ఇవన్నీ ఫారసీ, అరబ్బీల నుండి ఉర్దూ ద్వారా తెలుగు ఇళ్ళకు వచ్చిన మాటలే. వీటిలో 'కుస్తీ' అన్నమాట నడుముకు కట్టే పట్టీ పేరు నుండి పుట్టిందని పండితులు చెబుతారు. ఉర్దూలో 'కమర్ కస్‌నా' అంటాం, తెలుగులో 'నడుము బిగించడం' అంటాం. రెంటికీ అర్థం పనికి సిద్ధపడడమనే. నడుము చూపించుకోవడమని ఏ భాషలోనూ లేదు.

ఈ విద్య ఒక్క జాతి సొత్తు కాదు. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 'మానసోల్లాసం'లో మల్లుల పోషణ, సాధన గురించి ప్రత్యేకంగా రాశాడు. బరువులెత్తడం, నడక, ఈత, స్తంభంతో సాధన అందులో ఉన్నాయి. ఇరానులో 'జూర్‌ఖానా' అనే బలగృహాలున్నవి. అక్కడ గోతివంటి గోదాలో దిగి, ముర్షిద్ డోలు వాయిస్తూ పద్యాలు పాడుతుండగా గదలు తిప్పుతారు, పలక మీద చేతులానించి దండీలు తీస్తారు. 2010లో యునెస్కో దీనిని మానవజాతి వారసత్వంగా గుర్తించింది. అక్బరు కొలువులో ఇరాన్, తురాన్ పహిల్వాన్లతో పాటు గుజరాతు మల్లులు కూడా ఉండేవారని అబుల్ ఫజల్ 'ఆయినె అక్బరీ'లో రాశాడు. ఈ రెండు పాయలూ కలిసినదే మన తాలీంఖానా.

మా చిన్నతనంలో చూసిన తాలీంఖానాలో అద్దం లేదు. మెత్తని ఎర్రమట్టి, రెండు జతల ముగ్దర్లు, ఒక వస్తాదు, అంతే. పొట్టకని వేరే కసరత్తు ఎవరూ నేర్పేవారు కాదు. కాని దండీ తీసేటప్పుడు ఒళ్ళు వాలిపోకుండా పట్టి ఉంచేది పొట్ట కండరాలే. ముగ్దరు భుజం వెనుకకు తిప్పేటప్పుడు మనిషి తూలకుండా ఆపేదీ అవే. అంటే పేరు పెట్టకుండానే ఆ సాధన అంతా నడుముకు జరిగేదన్నమాట.

మరి చూపించుకోవడం ఎప్పుడు మొదలైంది? ఇక్కడ యూజెన్ శాండో కథ చెప్పుకోవాలి. మనం తొడుక్కునే చేతుల్లేని శాండో బనీనుకు ఈయన పేరే వచ్చిందంటారు. 1867లో ప్రష్యాలో పుట్టిన ఈయన బరువులెత్తి పేరు పొందాడు. ఆపైన పాత గ్రీకు శిల్పాల్లా నిలబడి ఒంటి కండరాలు చూపించి అంతకంటె ఎక్కువ పేరు పొందాడు. 1894లో అమెరికాలో ఎడిసన్ స్టూడియోలో ఈయన కండరాలు బిగిస్తుండగా ఫిల్ము తీశారు. అంటే సినిమా పుట్టిన తొలినాళ్ళలోనే కండలు అందులోకి వచ్చాయి! 1901లో లండనులో ఈయన పెట్టిన దేహదారుఢ్య పోటీకి, షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన కానన్ డాయిల్ ఒక న్యాయనిర్ణేత. ఆ పోటీలోనైనా కండ సైజు ఒక్కటే చూడలేదు. ఒళ్ళంతా సమంగా పెరిగిందా, ఆరోగ్యం ఎట్లా ఉందని కూడా చూశారు. 1904-05లో శాండో మన దేశంలోనూ ప్రదర్శనలిచ్చాడు.

అదే కాలంలో మన గామా పహిల్వాన్ ఉన్నాడు. అసలు పేరు గులాం మహమ్మద్. 1910లో లండను వెళ్ళాడు. ఎత్తు అయిదడుగుల ఏడెనిమిది అంగుళాలే. సెప్టెంబరు 10న పోలండు మల్లుడు జిబిష్కోతో కుస్తీ రెండున్నర గంటలకు పైగా సాగింది. జిబిష్కో చాలాసేపు నేలకు కరుచుకుని లేవనే లేదు. వారం తర్వాత మళ్ళీ పోటీకి రమ్మంటే రాలేదు. గామాకు జాన్ బుల్ బెల్టు ఇచ్చారు. నడుముకు పెట్టుకునే పట్టీయే బహుమానం, చూడండి! 1928లో పటియాలాలో మళ్ళీ తలపడితే గామా నిమిషంలోపే గెలిచాడు. ఆయన ఫొటోలు ఇప్పటికీ ఉన్నవి. దిట్టమైన, మందపాటి నడుము. ఆరు పలకలు వెతికినా కనపడవు.

మన తెలుగువారి కోడి రామమూర్తి నాయుడుగారు (1882-1942) ఛాతీకి గొలుసు చుట్టించుకొని ఊపిరి పూరించి తెంచేవారు. ఆయన గొప్ప కూడా ఊపిరిలో, నిలుకడలో ఉంది.

పలకలు ఉండటం తప్పని మేము అనడం లేదు. 1952లో మిస్టర్ యూనివర్స్ పోటీలో పొట్టివారి తరగతిలో గెలిచిన మనోహర్ ఐచ్ గారికి అవి చక్కగా ఉండేవి. ఎత్తు నాలుగడుగుల పదకొండు అంగుళాలు. తెల్లదొరల జైలులోనూ కసరత్తు మానలేదు. తిన్నది అన్నం, పప్పు, చేపలు, పాలు, పళ్ళు. 2016లో చనిపోయేనాటికి 104 ఏళ్ళు. ఆకలితో మాడినవారికి ఆ ఆయుష్షు రాదు.

వైద్యులు చెప్పేది కూడా పిల్లలు తెలుసుకోవాలి. పొట్ట ముందున్న నిలువు కండరానికి అడ్డంగా నరపట్టీలు పుట్టుకతోనే ఉంటాయి. పలకలు ఎన్ని, సమంగా ఉన్నాయా లేదా అన్నది తల్లిదండ్రుల నుండి వచ్చేది. పైనున్న కొవ్వు పలచబడితే అవి కనపడతాయి. పొట్ట కసరత్తు ఎన్నిసార్లు చేసినా ఆ ఒక్కచోటి కొవ్వే కరగదు. తెర మీద మెరిసే పొట్ట చాలాసార్లు షూటింగు ముందు నీళ్ళు, ఉప్పు తగ్గించి కొన్ని గంటల కోసం తెచ్చుకున్నది. 2007లో 'దేశముదురు', 'ఓం శాంతి ఓం' వచ్చాక ఈ మోజు మన వీధుల్లోకి దిగింది. దాని వెనకాలే సూదులు, మాత్రలు కూడా దిగాయి. కండ పెంచే ఆ హార్మోను మందులు గుండెను, కాలేయాన్ని పాడుచేస్తాయి, సంతానానికి కూడా ముప్పు తెస్తాయి. తల్లిదండ్రులు పిల్లల సంచుల్లో డబ్బాలేమున్నవో ఒకసారి చూడడం మంచిది.

ఆ పిల్లవాడికి ఇదంతా నెమ్మదిగా చెప్పాం. గామా ఫొటో చూపిస్తే, "ఇంత పొట్టతో గెలిచిండా సార్?" అని ఆశ్చర్యపోయాడు. ఇప్పుడు పొద్దున్నే ఇరవై దండీలు, ముప్పై బస్కీలు తీస్తున్నాడు, తర్వాత కడుపునిండా తిని బడికొస్తున్నాడు. పలకలు వచ్చాయో లేదో మేము అడగలేదు. మొన్న బడి బెంచీలు మార్చేటప్పుడు మాత్రం మొదట నడుము వంచి ఎత్తినవాడు వాడే.